అట్ల మంగళవారం నాటి తాళం

ఇంగ్లండు తూర్పు తీరం, 1987 మార్చి నెల. లెంటు ఉపవాసాలకు ముందురోజు, ఇంటింటా అట్లు పోసుకునే మంగళవారం. పేరుమోసిన ఆకెండెన్ బ్యాంకుకు ఒకప్పుడు వారసుడూ, ఇప్పుడు ఎనభై ఏళ్ల ముసలివాడూ అయిన లాంబర్ట్ ఆకెండెన్, సముద్రపు ఒడ్డున తాతల నాటి బంగళా వంటింట్లో పొయ్యి ముందు నిలబడ్డాడు. ఆ బ్యాంకు కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న మేనల్లుడు పియర్స్ పొద్దున్నే లండన్ నుంచి వచ్చి, తడి కోటైనా విప్పకుండా గుమ్మంలోనే అందుకున్నాడు. ఇక వాళ్ల మాటలు వాళ్లనే ఆడనిద్దాం. మధ్యలో నేను దూరితే ఆ ముసలాయన ఊరుకోడు.

"గేటు తెరిచి ఉంది మామయ్యా."

"తలుపు వేసి రా ముందు. చలిగాలికి పెనం చల్లారిందంటే అట్టు అతుక్కుపోతుంది."

"నేను చెప్పేది ఈ తలుపు సంగతి కాదు. సముద్రం దారి గేటు. బార్లా తెరిచి ఉంది. నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒక కుక్క, చంటిపిల్లను తోసుకెళ్లే బండి... మన ఇంటి ముందే నా కారు ఆపించి మరీ దాటుకుని పోయారు, సముద్రం వైపు."

"కుక్క ఏ రంగుది?"

"మామయ్యా!"

"గోధుమరంగుదైతే బేకరీ వాళ్లది. కరుస్తుంది. కారు దిగలేదుగా నువ్వు?"

"ఇవాళ ఏ రోజు?"

"అట్ల మంగళవారం. కాకపోతే నేనెందుకు పొయ్యి దగ్గర తగలడతాను? నిమ్మకాయ పిండమంటావా, వట్టి పంచదార చల్లమంటావా?"

"నాకు ఏ అట్లూ వద్దు. తాతగారి కాలం నుంచీ అట్ల మంగళవారం తెల్లారగానే ఈ ఇంట్లో ఏం చేస్తారు?"

"పిండి కలుపుతారు."

"గేటుకు తాళం వేస్తారు! ఏడాది మొత్తానికి ఒక్క రోజు. ఆ రోజు ఊళ్లోవాళ్లంతా ఎవరి ఇళ్లల్లో వాళ్లు అట్లు తింటూ కూర్చుంటారు. ఎవరికీ ఇబ్బంది ఉండదు, మనకు చెడ్డపేరూ రాదు. పొద్దున వేస్తాం, చీకటి పడ్డాక తీస్తాం. ఏటా ఆ ఒక్క రోజు మూస్తే చాలు, మిగతా రోజుల్లో ఎవడు ఎంత నడిచినా మనకు భయం లేదు."

"మా నాన్న గట్టివాడు. ఊరికి గేటు తెరిచిపెట్టి, తాళంచెవి మాత్రం తన జేబులో పెట్టుకునేవాడు."

"ఆ గట్టితనం వల్లే ఈ స్థలం మనకు మిగిలింది. ఒకరి స్థలంలో జనం ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా నడిస్తే ఆ దారి జనానిదైపోతుంది. ఈ దేశపు చట్టం అది. మీకు తెలియదా?"

"బైబిలు కంటే ముందు మా నాన్న నాకు నేర్పింది అదే."

"మరి ఇవాళ ఎందుకు వెయ్యలేదు?"

"మోకాలు."

"మోకాలా?"

"వాన పడితే పట్టేస్తుంది. ఇదిగో చూడు, వంగితే ఒట్టు."

"గుడ్ల కోసం పొద్దున్నే ఊళ్లోకి నడిచి వెళ్లారట. పోస్టాఫీసులో ఆవిడ చెప్పింది."

"వెళ్లేటప్పుడు వంగింది. వచ్చాక పట్టేసింది."

"సరే. తాళంచెవి ఇటివ్వండి, నేనే వేస్తాను."

"ఏ తాళంచెవి?"

"మామయ్యా, నాతో ఆటలొద్దు."

"అది పోయింది నాయనా."

"ఎప్పుడు పోయింది?"

"ఎప్పుడో."

"ఎప్పుడో అంటే?"

"మీ అమ్మ బతికుండగానే అనుకుంటా."

"అమ్మ పోయి పదకొండేళ్లు!"

"అంత అయిందా? పాపం హెస్టర్. నా అట్లు మాడితే తినేది అదొక్కతే."

"నా మొహం చూసి చెప్పండి. పోయినేడు తాళం వేశారా?"

"పోయినేడు కూడా మోకాలే."

"అంతకుముందు?"

"జలుబు."

"అంతకుముందు?"

"ఆగు, అట్టు తిప్పాలి."

"అట్టు సంగతి తర్వాత! అంతకుముందు?"

"నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే పియర్స్. నేలమాళిగలో ఏముందో చూడ్డానికి ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగుతావు. నీకా శ్రమ ఎందుకు, నేనే చెప్తాను విను. నేను ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ ఏ మంగళవారమూ ఆ గేటుకు తాళం వెయ్యలేదు."

"వచ్చినప్పటి నుంచీ."

"వచ్చినప్పటి నుంచీ."

"అంటే... ఇరవై ఏళ్లు!"

"ఇరవై ఒకటి. ఒక ఏడు కొసరు వేశాను."

"ఏటా నాకు ఉత్తరం రాసేవారు, పని అయిందని!"

"మంగళవారం బాగా గడిచిందని రాశాను. బాగానే గడిచింది. అట్లు తిన్నాను, పడుకున్నాను."

"మీకు మతి పోయింది. నిజంగా పోయింది. ఈ ఇల్లూ నేలా మన కుటుంబ ట్రస్టువి. ఆ ట్రస్టు వాళ్లు మిమ్మల్ని ఇక్కడ ఎందుకు ఉండనిచ్చారు? అద్దె లేదు, బొగ్గు ఖర్చు లేదు, తోటమాలి జీతం లేదు. ఏడాదికి ఒక్క తాళం! ఇన్నేళ్లలో మీకు అప్పజెప్పిన ఒకే ఒక్క పని!"

"అందుకే అంత జాగ్రత్తగా చెయ్యకుండా ఊరుకున్నాను."

"వచ్చే నెల ఇదంతా ఒక హోటలు వాళ్లకు అమ్మకం. తెలుసా మీకు?"

"తెలుసు. మీసాలాయన ఒకడొచ్చి టేపుతో కొలుచుకుపోయాడు. ఇల్లు కొలిచాడు, తోట కొలిచాడు, సముద్రం కూడా కొలుస్తాడేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను."

"ఆ హోటలు వాళ్లకు కావలసింది ఈ కొంప కాదు. ఆ తీరం. వాళ్ల దగ్గర దిగినవాళ్లు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టని తీరం. బేకరీ కుక్కలూ చంటిపిల్లల బండ్లూ మధ్యలోంచి పోతుంటే వాళ్లు పైసా పెట్టరు."

"పెట్టకపోతే మానెయ్యమను."

"అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది మీ వరస! బ్యాంకులో మీ వాటా మొత్తం ఊడ్చి పంచిపెట్టారు. మీది కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఈ నేల మీది కాదు."

"ఎవరూ నోరెత్తలేదా? ఎవరు చెప్పారు నీకు? భాగస్వాముల గది గోడ మీద కొత్తగా తగిలించిన నా బొమ్మను మా నాన్న దగ్గరుండి దింపించాడు. ఇంకా రంగు ఆరలేదు. దింపినవాడి చొక్కాకు నా ముక్కు అంటుకుపోయింది."

"నవ్వులాట కాదిది."

"నవ్వక ఏం చెయ్యమంటావు? ఇరవై రెండేళ్లకు నన్ను ఆ గదిలో కూర్చోబెట్టారు. అందరి బల్లలూ ఒకే గదిలో, ఒకరి గుట్టు ఒకరికి దాగకూడదని. పదేళ్లు కూర్చున్నాను. గుర్రప్పందేలాడే ప్రభువు వస్తే షెర్రీ పోసి అప్పిచ్చేవాళ్లం. పడవ కొనుక్కుంటానని ఈ ఊరివాడెవడైనా వస్తే గుమ్మం బయటే సముద్రం నమ్మకమైనది కాదని చెప్పి పంపేవాళ్లం. నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండో ఏడు నా వాటా అమ్మేసి బయటపడ్డాను."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని తాతగారు ఊరికే అన్నారా మిమ్మల్ని!"

"ఊరిదీ నాదీ ఒకటే దారి నాయనా. ఆయనదే వేరు దారి, తాళం వేసుకున్న దారి."

"మంచి పనులే చేశారు, నేను కాదన్నానా? పిల్లల ఆసుపత్రి, కళ్ల ఆసుపత్రులు, చూపులేని పిల్లలకు బడి, తుఫానులో మునిగేవాళ్లకు లైఫ్‌బోటు. పేపర్లు మిమ్మల్ని మహాదాత అన్నాయి. మా బడిలో మాస్టరు నన్ను లేపి నిలబెట్టి, వీడు ఆయన మేనల్లుడు అని చూపించేవాడు. నాకు గర్వంగా ఉండేది. నిజంగా."

"నాకు సిగ్గుగా ఉండేది."

"ఎందుకు?"

"పిల్లల ఆసుపత్రి తెరిచిన రోజు నువ్వు లేవు. తల్లులందరినీ వానలో వరసగా నిలబెట్టారు, నాకు కృతజ్ఞతలు చెప్పడానికి. ఒకామె చంకలో పిల్లాడికి ఒళ్లు కాలిపోతోంది. వాణ్ణి లోపలికి తీసుకెళ్లకుండా, ముందు నాకు మోకాలు వంచి దండం పెట్టమన్నారు. పెట్టింది. నేను చెయ్యి ఊపాను. రాణిగారిలాగా. ఆ చెయ్యి తీసి పారేసుకోవాలనిపించింది."

"అది అక్కడివాళ్ల తెలివితక్కువతనం. దానికీ దీనికీ—"

"సంబంధం ఉంది. ఈ ఊళ్లో చేపలవాళ్లకు చదువుకునే గది కట్టించాను, గుర్తుందా?"

"ఉంది."

"మా నాన్న స్థలంలో, మా నాన్న దయతో. ఏమైంది ఆ గది?"

"పాతబడిపోయింది."

"పాతబడితే?"

"బాగు చేయించాం."

"బాగు చేయించి?"

"సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకిస్తున్నాం. అయినా అది—"

"ఇస్తున్నాం కాదు, ఇస్తున్నావు. గోడ మీద రాతిపలకలో నా పేరు ఇంకా ఉంది. దాని కింద ఎవరివో తువ్వాళ్లు ఆరుతుంటాయి. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోగలదు పియర్స్. నేను తీసుకోకపోతే నువ్వు తీసుకుంటావు. అది తెలిసొచ్చాకే ఈసారి నేను ఏమీ ఇవ్వలేదు."

"మరేం చేశారు?"

"ఏమీ చెయ్యలేదు. ఇరవై ఒక్క ఏళ్లు నానా కష్టాలూ పడి, ఏమీ చెయ్యలేదు."

"చూడండి మామయ్యా. నేను అరవడానికి రాలేదు. ఇంకా దారి ఉంది. ఏటా తాళం వేశానని ప్రమాణం చేసి ఒక్క మాట చెప్పండి. మీ మాటంటే ఈ దేశంలో ఎవరైనా నమ్ముతారు. తూర్పు వైపు గదులు మీవే, బతికినంతకాలం. హోటలు వాళ్లతో నేను మాట్లాడతాను. వేళకు భోజనం, చూసుకోవడానికి నర్సు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ట్రస్టు ఊరుకోదు. లేడీ డే నాటికి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"ఈ నెల ఇరవై అయిదున. ఆ రోజున రైతుల్ని ఖాళీ చేయించేవాళ్లం, ఇప్పుడు నా వంతా? బాగుంది."

"ఈ వయసులో ఎక్కడికి పోతారు? అన్నీ పంచేశారు. కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా లేదు మీ పేరున."

"ఈ పెనం నాదే."

"ఒక్క అబద్ధం మామయ్యా! ఇందాకటి నుంచీ మోకాలంటూ ఎన్ని ఆడలేదు?"

"అవి అట్లు పోసుకుంటూ ఆడినవి. బైబిలు మీద చెయ్యి పెట్టి ఆడేవి వేరు. ఆ తూర్పు గదుల్లో పడుకుంటే కిటికీలోంచి ఆ దారే కనపడుతుంది. మనుషులు లేని దారి. ఆ గదులు నాకొద్దు, పో."

"అయితే నేనే వేస్తాను. కారులో గొలుసుంది, తాళముంది. కొత్తవి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇవాళ అట్ల మంగళవారమేగా!"

"ఆడవాళ్లు సముద్రం దగ్గరున్నారు. తిరిగి ఆ గేటు దగ్గరికే రావాలి."

"రానీ. చూడనీ. ఇది ఎవరి దారో ఊరికి తెలియాలి."

"ఆలోచించుకో పియర్స్. తొందరపడకు."

"ఆలోచించే పని మీరు చేశారుగా, ఇరవై ఒక్క ఏళ్లు!"

"సరే, నీ ఇష్టం. గొడుగు తీసుకెళ్లు."

గొడుగు తీసుకెళ్లలేదు. అతను తిరిగొచ్చేసరికి నెత్తి మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మొహం మాత్రం పందెం గెలిచినవాడిలా ఉంది.

"వేశాను."

"గట్టిగా వేశావా?"

"గొలుసు రెండు చుట్లు తిప్పి వేశాను."

"ఎవరైనా చూశారా?"

"ఎవరైనా ఏంటి? లోపల ఆడవాళ్లంతా చూశారు. బయట పోస్ట్‌మన్ చూశాడు. ఎర్ర టోపీ ఆవిడ ఒకతి గేటు పట్టుకుని ఊపింది. ఊపి తిట్టింది. నన్ను కాదు, మిమ్మల్ని."

"ఎర్ర టోపీ అంటే డోర్కస్ ట్రిగ్. పోయిన జెమ్ ట్రిగ్ భార్య. అయితే నడిచేవాళ్లను మొహం మీదే అడ్డుకున్నావన్నమాట."

"అడ్డుకున్నాను."

"ఇంకోసారి చెప్పు."

"అడ్డుకున్నాను, అడ్డుకున్నాను! దానికి అలా నవ్వుతారేంటి?"

"కూర్చో నాయనా. కోటు విప్పు. ఆ ఇరవై ఏళ్లు ఎక్కడి నుంచి లెక్కపెడతారో మా నాన్న నీకు చెప్పలేదా?"

"ఎక్కడి నుంచి?"

"వెనక్కి. మొదటిసారి ఎవరైనా అడ్డుకున్న రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. అడ్డమే లేకపోతే జనం కౌన్సిలుకు పోయి ఏమని మొరపెట్టుకుంటారు? మా దారి మూశారని చెప్పడానికి మూసినవాడంటూ ఒకడుండాలిగా. మూయడానికి నాకు చేతులు రావు. ఏటా ఈ రోజున ఎవడొస్తాడా, ఎవడు వేస్తాడా అని ఎదురుచూశాను. నువ్వొచ్చావు. కొత్త గొలుసుతో, రెండు చుట్లు తిప్పి."

"నేను... నేను వెళ్లి తీసేస్తాను."

"తీసెయ్. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటానంటే నేనెందుకు కాదంటాను?"

"మీరు నన్ను ఉచ్చులో పడేశారు!"

"ఆలోచించుకో అన్నాను. గొడుగు కూడా తీసుకెళ్లమన్నాను."

"ఆగండి. ఆగండాగండి. అనుమతి."

"ఏమిటి?"

"అనుమతి! మీరొకటి మరిచిపోయారు మామయ్యా. అడ్డులేకుండా నడిస్తే చాలదు. ఎవరి అనుమతీ లేకుండా నడవాలి. యజమాని తరఫున ఉన్నవాడు రండి, నడవండి అని ఒక్క మాటన్నా, అది దయ అవుతుంది. దయ మీద నడిచినవాళ్లకు హక్కు రాదు. అవునా, కాదా?"

"అవును."

"మరి మీరు! దేశమంతా ఆసుపత్రులు కట్టించిన లాంబర్ట్ ఆకెండెన్! ఇంటి ముందు నుంచి పోయే ముసలమ్మకు ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారైనా చెయ్యి ఊపలేదంటే ఏ జడ్జి నమ్ముతాడు? ఒక్కసారి రామ్మా అనలేదూ? జాగ్రత్తగా వెళ్లండి అనలేదూ?"

"టీ చల్లారిపోయింది."

"తప్పించుకోకండి. అన్నారా, లేదా?"

"నన్నడిగితే నువ్వు నమ్మవు. ఊళ్లోవాళ్లను అడుగు."

"అడుగుతాను. ఒక్కరు చాలు నాకు. అంత దయగల మనిషి గురించి మంచిమాట చెప్పేవాళ్లు ఒక్కరు దొరకరా?"

"దొరుకుతారేమో. అదిగో, ఎవరో తలుపు విరగ్గొడుతున్నారు. డోర్కస్ అయ్యుంటుంది. ఆవిడనే అడుగు."

"ఏడీ? ఎక్కడ ఆ ముసలి గుడ్లగూబ?"

"రండి మిసెస్ ట్రిగ్, లోపలికి రండి. పూర్తిగా తడిసిపోయారు. నేను ఆయన మేనల్లుణ్ణి. వేడివేడిగా అట్టు తింటారా?"

"నా అట్లు నా ఇంట్లో ఉన్నాయి. ఆ ఇంటికి పోనివ్వకుండా గేటుకు గొలుసు వేసిందెవరు? మమ్మల్ని లోపలుంచి తాళం పెడతారా? గొడ్లమా మేం? పెద్దరోడ్డు చుట్టూ తిరిగి పోవాలంటే రెండు మైళ్లు. లోపల చంటిపిల్ల ఉంది, ఏడుస్తోంది."

"ఇప్పుడే తీయిస్తాను, ఒక్క నిమిషం. నాకు ఒక్క సంగతి చెప్పండి. మా మామయ్య ఇన్నేళ్లూ మంచి మనసుతో మిమ్మల్నందరినీ ఆ దారిన నడవనిచ్చారు కదా—"

"ఎవరు?"

"మామయ్య."

"ఎవరి మంచి మనసు?"

"ఈయనది. మిస్టర్ ఆకెండెన్‌ది."

"ఈయనదా! ఓరి దేవుడా! గేటు దగ్గరున్న మా ఆడవాళ్లు వింటే బాగుండేది, ఈయనకు మంచి మనసట! అయ్యా, నువ్వు లండన్‌లో ఉంటావు, నీకు తెలీదు. ఈయన వచ్చిన కొత్తలో పెద్దమనిషి కదా అని రోజూ గుడ్ మార్నింగ్ చెప్పాను. ఒక్కరోజు బదులు చెప్పాడా? మొహం అటు తిప్పుకునేవాడు. తర్వాత్తర్వాత నా టోపీ కనబడితే చాలు, చెట్టు చాటుకు పోయేవాడు, నేనేదో అప్పు అడగడానికి వస్తున్నట్టు. మా పిల్లలు ఈయన్ను ముళ్లపంది అంటారు. మా పిల్లల పిల్లలు కూడా అదే అంటారు."

"పోనీ, ఎప్పుడైనా రమ్మని—"

"రమ్మనడానికి నోరు విప్పాలిగా! రమ్మనలేదు, పొమ్మనలేదు. మేం నడిచాం. అంతే."

"పండగలకైనా? క్రిస్మస్‌కు పిల్లలకేమైనా—"

"పిప్పరమెంటు బిళ్ల పెట్టిన పాపాన పోలేదు. ఇంకో సంగతి చెప్పనా? మా జెమ్ పోయినప్పుడు, చివరిసారి సముద్రం చూపిద్దామని ఆ దారినే తీసుకెళ్లాం. పడవలవాళ్లు భుజాల మీద మోశారు. ఆ రోజు ఊళ్లో కొట్లు మూశారు. ఈయన అదిగో ఆ కిటికీలో నిలబడ్డాడు. టోపీ తియ్యలేదు. మేం దగ్గరికొచ్చేసరికి కర్టెన్ లాగేసుకున్నాడు. అదీ ఈయన మంచి మనసు!"

"మామయ్యా, నిజమేనా?"

"నిజమే."

"శవం పోతుంటే కర్టెన్ వేసుకున్నారా? ఎందుకు?"

"చలిగాలి కొడుతోందని."

"చూశావా? ఇప్పుడు కూడా ఏమంటున్నాడో విన్నావా?"

"మిసెస్ ట్రిగ్, మా కుటుంబం తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. జరిగింది మరిచిపోండి. మీకూ మీ పిల్లలకూ, ఊళ్లో ఎవరికి కావాలంటే వాళ్లకూ, ఆ దారిన నడవడానికి నేనే అనుమతి రాసిస్తాను. ఇప్పుడే. బతికినంతకాలం చెల్లుతుంది. మీరు తీసుకుంటే చాలు."

"అనుమతా?"

"ఉచితంగా."

"నా కాళ్లకు నీ చీటీ ఎందుకయ్యా? ఇన్నేళ్లూ ఎవర్ని అడిగి నడిచాం? ఆ చీటీ నీ జేబులోనే పెట్టుకో, బయట వానలో తడుస్తుంది. రేపు కౌన్సిల్ ఆఫీసుకు పోతున్నాం. ఊరంతా. బేకరీ వాళ్లు వ్యానిస్తామన్నారు."

"ఇది మీ ఇద్దరూ కలిసి ఆడుతున్న—"

"నేనూ ఈయనా కలిసా! ఈ ముళ్లపందితోనా! మళ్లీ అనకు."

"సరే. గొలుసు తీసేసి పోతాను. లేడీ డే, మామయ్యా. మరిచిపోకండి. ఆ రోజుకు ఇల్లు ఖాళీగా ఉండాలి."

"పెనం తీసుకెళ్లొచ్చా?"

"తీసుకెళ్లండి! అట్లు కూడా తీసుకెళ్లండి!"

"తలుపు వేసి వెళ్లు నాయనా. చలి."

పియర్స్ తలుపు వేసిన చప్పుడుకు గోడ మీద గరిటెలు కూడా ఊగాయి. డోర్కస్ ట్రిగ్ మాత్రం కదల్లేదు.

"మీరింకా నిలబడ్డారేం మిసెస్ ట్రిగ్?"

"ఆ కారు పోనివ్వండి."

"తిట్లు ఇంకా మిగిలాయా?"

"పోనివ్వండన్నానా. గేటు దగ్గర ఆగాడు... గొలుసు తీశాడు... చర్చి మలుపు తిరిగాడు. హమ్మయ్య."

"ఇక మీరూ దయచేయండి."

"ఆ గేటు కీళ్లకు నూనె ఎవరు పెడుతున్నారు మిస్టర్ ఆకెండెన్? ఏటా, చలికాలం రాకముందు?"

"కిర్రుమంటే నాకు నిద్ర పట్టదు."

"గేటు ఎక్కడ, మీ మంచం ఎక్కడ?"

"నా చెవులు మంచివి."

"దిగుడు దగ్గర బురదలో చెక్కపలకలు పరిచిందెవరు?"

"గాలికి కొట్టుకొచ్చి ఉంటాయి."

"మా జెమ్ కూడా అదే అన్నాడు. ఈ ఊరి గాలికి మేకులు కొట్టడం కూడా వచ్చే డోర్కస్, అని."

"జెమ్... అలా అన్నాడా?"

"వచ్చిన ఏడే కనిపెట్టేశాడు. ఇంటికొచ్చి, ఆయన్ను పలకరించకు, అన్నాడు. ఎందుకని దెబ్బలాడాను. ఆయన బదులు చెప్పాడంటే మన దారి పోతుంది, ఆయన్ను ఇబ్బంది పెట్టకు, అన్నాడు. ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పిల్లలకు ముళ్లపంది అనే పేరు పెట్టి నేర్పింది కూడా ఆయనే. పోయేముందు కూడా అదే మాట. నన్ను తీసుకెళ్లేటప్పుడు ఆ పెద్దాయన కర్టెన్ వేసుకుంటాడు, దాని వెనక నిలబడి ఏడుస్తాడు, మీరు తల తిప్పకుండా వెళ్లిపోండి, అన్నాడు. మేం తిప్పలేదు."

"పొగ. కళ్లల్లో పొగ పడింది. అట్టు మాడింది."

"పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది."

"జెమ్‌కు టోపీ తియ్యాలని ఎంత... ఎంత అనుకున్నానో మీకు తెలీదు."

"తెలుసు. ఇటు చూడండి. మా ఇంట్లో వెనక గది ఉంది, లేడీ డేకు సర్దిపెడతాను. దానం కాదు లెండి, అద్దె పుచ్చుకుంటాను. ఆ పెనం తెచ్చుకోండి. అట్లు మాత్రం నేనే పోస్తాను."

"మిసెస్ ట్రిగ్, నేను..."

"మీరేం మాట్లాడకండి, మీకు అలవాటు తప్పింది. కోటు వేసుకోండి. గేటుకు అటూ ఇటూ ఊరంతా నిలబడి ఉంది, వానలో. ముందు నన్ను పోయి ఒక మాట అడిగి రమ్మన్నారు."

"ఏమని?"

"ఇప్పటికైనా మీకు గుడ్ మార్నింగ్ చెప్పొచ్చా అని."